రెండు పవర్లూ ఒకేసారి పెట్టినా ఏమీ కాకూడదు

మా అపార్ట్‌మెంట్లో సంపు నుంచి పైట్యాంకుకి నీళ్లెక్కించే మోటారును ఆన్, ఆఫ్ చేసే బోర్డు నేను సొంతంగా గీసుకున్నది. వైఫై ఉన్న బుల్లి కంట్రోలర్ ఈఎస్‌పీ32 చిప్పు, గోడమీద డబ్బాలో ఇంటి కరెంటును 12 వోల్టులు చేసే ఎస్‌ఎంపీఎస్, దాన్ని 5 వోల్టులకు దించే బక్ కన్వర్టర్. ప్రోగ్రాం మార్చాలంటే ల్యాప్‌టాప్ పట్టుకుని కిందికెళ్లి యూఎస్‌బీ కేబుల్ గుచ్చాలి. యూఎస్‌బీ కూడా 5 వోల్టులే ఇస్తుంది కాబట్టి అప్పుడు బోర్డులో రెండు 5 వోల్టులు ఎదురుపడతాయి. నేరుగా కలిపేస్తే ఏది కాస్త ఎక్కువుంటే అది రెండోదాంట్లోకి కరెంటు తోస్తుంది. బక్ 5.2 ఇస్తూ ల్యాప్‌టాప్ 4.9 దగ్గరుంటే దెబ్బ తగిలేది ల్యాప్‌టాప్ పోర్టుకే.

మూడో అంతస్తు కుర్రాడు కాలేజీ ప్రాజెక్టుకి ఇలాంటిదే చేస్తున్నాడు. "ఏముంది అంకుల్, రెండూ ఒకేసారి పెట్టొద్దని స్టిక్కర్ అంటిస్తా" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. రేపు నేను ఊళ్లో లేనప్పుడు ఇంకెవరో వచ్చి కేబుల్ పెడతారు. వాళ్లు స్టిక్కర్ చదవకపోయినా బోర్డు తనని తాను కాపాడుకోవాలి, ల్యాప్‌టాప్‌నీ కాపాడాలి.

అందరూ మొదట చేసేది రెండు వైపులా చెరో షాట్కీ డయోడ్, అంటే కరెంటును ఒక వైపే పోనిచ్చే ముక్క, పెట్టడం. 1ఎన్5819 లాంటిది. తప్పేం కాదు, చిన్న బోర్డుకి చాలు. కానీ లెక్క చూడండి. యూఎస్‌బీ 4.75కి పడింది, డయోడ్‌లో 0.4 పోయింది, మిగిలింది 4.35. దాన్ని ఈఎస్‌పీ32కి కావాల్సిన 3.3 వోల్టులకు దించే ఏఎంఎస్1117 రెగ్యులేటర్‌కి తన కోసం 1.1 వోల్టు కావాలి. ఇక 3.3 ఎక్కడ నిలబడుతుంది? కేబుల్ కూడా సన్నదైతే వైఫై మొదలైన క్షణంలో రీసెట్ అవుతుంది. కోడ్‌లో తప్పుందేమోనని రాత్రంతా వెతుకుతూ కూర్చుంటాం.

అందుకే యూఎస్‌బీ వైపు డయోడ్ తీసేసి పీ-చానెల్ మాస్ఫెట్ పెడతాను. ఇదొక ఎలక్ట్రానిక్ స్విచ్చు: గేటు అనే కాలి మీది వోల్టేజీని బట్టి డ్రెయిన్, సోర్స్ అనే మిగతా రెండు కాళ్ల మధ్య దారి తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. కోఠీ గుజరాతీ గల్లీలో తెచ్చుకున్న ఏఓ3401, మూడు కాళ్ల బుల్లి ముక్క. డ్రెయిన్ యూఎస్‌బీకి, సోర్స్ బోర్డుకి, గేటు బక్ అవుట్‌పుట్‌కి. బక్ నుంచి బోర్డుకి మాత్రం షాట్కీ అలాగే ఉంటుంది. బయటి పవర్ (బక్ నుంచి వచ్చేది) లేనప్పుడు గేటు గ్రౌండ్‌కి దిగి మాస్ఫెట్ ఆన్ అవుతుంది, వోల్టేజీ దాదాపు పోదు. బయటి పవర్ రాగానే గేటు పైకి లేచి యూఎస్‌బీ దారి మూసుకుంటుంది.

డ్రెయిన్, సోర్స్ తారుమారైతే మాత్రం మొత్తం పోయినట్టే. మాస్ఫెట్ లోపల డ్రెయిన్ నుంచి సోర్స్ వైపు ఒక డయోడ్ పుట్టుకతోనే ఉంటుంది. తిరగేస్తే అదే బయటి కరెంటును ల్యాప్‌టాప్‌కి మోస్తుంది. పైగా యూఎస్‌బీ ఒక్కటే పెట్టి చూస్తే బోర్డు చక్కగా వెలుగుతుంది, అనుమానం రాదు.

గేటు నుంచి గ్రౌండ్‌కి రెసిస్టర్ తప్పనిసరి. చాలామంది 100కే (లక్ష ఓమ్‌లు) వేస్తారు, నేను 10కే (పదివేల ఓమ్‌లు) వేస్తాను. యూఎస్‌బీ ఒక్కటే ఉన్నప్పుడు షాట్కీలోంచి ఉల్టా, బోర్డు నుంచి గేటు వైపు, కొంచెం కరెంటు లీకవుతుంది, వేడెక్కేకొద్దీ పెరుగుతుంది. మే నెల ఎండలో గోడమీద డబ్బా లోపల ఎంత కాలుతుందో హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. 30 మైక్రోఆంపియర్లు లీకైనా 100కే మీద 3 వోల్టులు తేలుతుంది, మాస్ఫెట్ సరిగా తెరుచుకోదు. 10కే అయితే 0.3 దగ్గరే ఆగుతుంది.

ఈఎస్‌పీ32 అతికించకముందే మల్టీమీటర్‌తో చూడాలి. ముందు బయటి పవర్ ఒక్కటే ఇచ్చి, ఖాళీగా ఉన్న యూఎస్‌బీ సాకెట్‌లో 5 వోల్టుల పిన్ను ముట్టుకోండి. సున్నా రావాలి. తర్వాత యూఎస్‌బీ ఒక్కటే పెట్టి బక్ అవుట్‌పుట్ దగ్గర చూడండి. అక్కడ 5 కనిపించకూడదు.

ఇంత చేసినా గ్రౌండ్ రెండిటికీ ఒకటే. దాన్నీ విడదీయాలంటే ఏడీయూఎం4160 లాంటి ఐసొలేటర్ కావాలి. ఇంటి బోర్డుకి అంత అక్కర్లేదనుకుంటాను. నేనైతే గోడ కరెంటుతో లింకు లేకుండా ఛార్జర్ పీకేసి, ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద ఉండగానే కేబుల్ పెడతాను.