ప్రెస్‌నోట్ వార్తగా మారే చోట

అమెరికాలోని మిసిసిపి రాష్ట్ర రాజధాని జాక్సన్‌లో డబ్ల్యూఎల్‌బీటీ అనే టీవీ కేంద్రం ఉంది. 1955లో ఒక జాతీయ కార్యక్రమంలో నల్లజాతి న్యాయవాది థర్గుడ్ మార్షల్ మాట్లాడుతుండగా, ఆ కేంద్రం ప్రసారాన్ని మధ్యలో ఆపి, కేబుల్‌లో అంతరాయం వచ్చిందని, క్షమించమని తెర మీద ఒక పలక పెట్టింది. కేబుల్ మాత్రం నిక్షేపంగానే ఉంది. ఆ కేంద్రం పరిధిలో దాదాపు 45 శాతం మంది నల్లవారే అయినప్పటికీ, వాళ్ల హక్కుల గురించిన మాట అక్కడి తెర మీదికి రావాలంటే ఏళ్ల తరబడి పోరాడవలసి వచ్చింది. తెలంగాణ ఉద్యమ కాలంలో ఏ ఛానల్‌లో ఏ సభ ఎంతసేపు కనిపించింది, సరిగ్గా ఏ ఘట్టంలో ప్రకటనలు వచ్చాయి అని హన్మకొండ టీ కొట్లలో లెక్కలు కట్టిన వాళ్లకు ఈ వ్యవహారం గురించి పెద్దగా విప్పి చెప్పనవసరం లేదు.

పౌరహక్కుల నాయకుడు మెడ్గర్ ఎవర్స్ తమకూ సమాన సమయం కావాలని పట్టుబట్టగా, చివరకు 1963 మే 20న అదే కేంద్రం ఆయనకు 17 నిమిషాలు ఇచ్చింది. జూన్ 12న ఆయనను ఇంటి ముందే కాల్చి చంపారు. మరుసటి ఏడాది ఒక చర్చి సంస్థ ఆధ్వర్యంలో కొందరు కార్యకర్తలు ఒక వారం పాటు ఎవరికీ తెలియకుండా ఆ కేంద్రం ప్రసారాలను చూస్తూ, ఏది చూపారో, ఏది చూపలేదో కాగితం మీద రాసుకున్నారు. ఆ రాతల ఆధారంగానే లైసెన్సు రద్దు చేయాలని కోరారు. మామూలు ప్రేక్షకులకు ఇలాంటి విషయంలో అభ్యంతరం చెప్పే అర్హతే లేదని ప్రసారాల నియంత్రణ సంఘం వాదించింది. ఆ వాదనను 1966లో అప్పీలు కోర్టు కొట్టివేసి, 1969లో లైసెన్సును కూడా చెల్లకుండా చేసింది. 1971లో యాజమాన్యం చేతులు మారింది, మరుసటి ఏడాది ఒక నల్లజాతి వ్యక్తి ఆ కేంద్రానికి జనరల్ మేనేజర్ అయ్యాడు. ప్రసార మాధ్యమాల చరిత్రలో ఇంతకంటే ముఖ్యమైన కేసులు తక్కువని నా అభిప్రాయం. అయినా మన జర్నలిజం పాఠాలలో దీని ప్రస్తావన నాకు ఎక్కడా కనిపించలేదు.

పాఠాలలో కనిపించేది అలబామా రాష్ట్రంలోని సెల్మా పట్టణం. 1965 మార్చి 7న ఓటుహక్కు కోసం నడిచిన వారిని అలబామా పోలీసులు వంతెన దగ్గర లాఠీలతో కొట్టడం, ఆ రాత్రి ఏబీసీ ఛానల్ ఒక సినిమాను మధ్యలో ఆపి ఆ దృశ్యాలను చూపించడం, ఆగస్టు 6న ఓటుహక్కు చట్టం మీద అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేయడం అందరికీ తెలిసిన కథ. కెమెరా ఉంటే చాలు, న్యాయం దానంతట అదే జరుగుతుందన్న నమ్మకం ఇలాంటి కథల నుంచే పుడుతుంది. కానీ ఆ కెమెరాలలో చాలావరకు బయటి నుంచి వచ్చినవి. అదే రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్ నగరపు సొంత దినపత్రిక 1963 నాటి నిరసనల ఫోటోలను ఎన్నింటినో అచ్చు వేయకుండా పెట్టెలో పెట్టింది. అవి పాఠకులకు చేరింది 2006లో. కెంటకీలోని ఒక పత్రిక 2004లో, పౌరహక్కుల ఉద్యమ వార్తలను తాము నిర్లక్ష్యం చేశామంటూ నలభై ఏళ్ల తరువాత సవరణ వేసుకుంది.

వరంగల్‌లో పౌరహక్కులు అనగానే పెద్దవాళ్లకు ముందు గుర్తుకు వచ్చేది అమెరికా కాదు. ఇక్కడ పిల్లల వైద్యుడిగా పేరున్న డాక్టర్ రామనాథం పౌరహక్కుల సంఘం నాయకుడు, ఆయనను 1985 సెప్టెంబరు 3న తన క్లినిక్‌లోనే కాల్చి చంపారు. కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం బోధించిన బాలగోపాల్ అదే సంఘంలో ఏళ్ల తరబడి పనిచేశారు. వాళ్లు చేసిన పనిలో ముఖ్యమైనది నిజనిర్ధారణ. ఆ సంవత్సరాలలో ఎన్‌కౌంటర్ వార్త దాదాపు ఒకే అచ్చులో వచ్చేది: తనిఖీకి వెళ్లిన పోలీసుల మీద కాల్పులు జరిగాయి, ఆత్మరక్షణ కోసం ఎదురుకాల్పులు జరిపారు, ఇంతమంది చనిపోయారు, ఒక తపంచా, కొన్ని కిట్‌బ్యాగులు, విప్లవ సాహిత్యం దొరికాయి. ఎస్పీ కార్యాలయం నుంచి వచ్చిన ప్రెస్‌నోట్‌కు విలేఖరి చేర్చేది చాలాసార్లు శీర్షిక మాత్రమే. నోట్‌ను పట్టుకొని ఆ ఊరికి వెళ్లి, రాత్రి ఎవరిని ఇంట్లోంచి తీసుకుపోయారు, శవం మీద గాయాలు ఎక్కడున్నాయి అని అడిగిన వాళ్లు ఎక్కువగా విలేఖరులు కారు, నిజనిర్ధారణ కమిటీల సభ్యులు.

యుద్ధ వార్తల చరిత్ర చదువుతుంటే నాకు అదే ప్రెస్‌నోట్ మళ్లీ ఎదురైంది. 1968 మార్చి 16న దక్షిణ వియత్నాంలోని మై లై ప్రాంతంలో అమెరికా సైనికులు గ్రామస్థులను చంపారు. మృతులు 347 మంది అని తరువాత సైన్యమే తేల్చింది, వియత్నాం స్మారక చిహ్నం మీద ఉన్న సంఖ్య 504. మరునాడు న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో వచ్చిన వార్త మాత్రం, రోజంతా సాగిన పోరులో 128 మంది శత్రువులు చనిపోయారని చెప్పింది. సైన్యం లెక్కలోనే దొరికిన ఆయుధాలు మూడు. 128 శవాలకు మూడు తుపాకులు ఎలా సరిపోయాయని అడగడానికి యుద్ధరంగానికి వెళ్లవలసిన అవసరం కూడా లేదు. నిజం బయటికి రావడానికి ఇరవై నెలలు పట్టింది. సంఘటన గురించి తోటివారి ద్వారా విన్న రైడెన్‌హవర్ అనే మాజీ సైనికుడు 1969లో ప్రభుత్వానికీ, కాంగ్రెస్ సభ్యులకూ ఉత్తరాలు రాశాడు. సేమూర్ హెర్ష్ అనే స్వతంత్ర విలేఖరి నిందితుడైన లెఫ్టినెంట్ కాలీని వెతికి పట్టుకొని రాసిన కథనాన్ని పెద్ద పత్రికలు కాదనగా, ఒక చిన్న వార్తాసంస్థ నవంబరులో ముప్పైకి పైగా పత్రికలకు అందించింది. సైన్యం తరఫున వెళ్లిన ఫోటోగ్రాఫర్ హెబర్లీ దగ్గర తన సొంత కెమెరాలో తీసిన రంగుల ఫోటోలు ఉన్నాయి. అతను సైన్యానికి అప్పగించింది నలుపు తెలుపు ఫిల్ము మాత్రమే. తన దగ్గరే ఉంచుకున్న ఆ ఫోటోలు 1969 నవంబరు 20న క్లీవ్‌లాండ్ పత్రికలో వచ్చాయి.

ఇంత జరిగాక ప్రజాభిప్రాయం ఎటు తిరిగిందన్నది నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన విషయం. 1971 మార్చిలో కాలీకి యావజ్జీవ శిక్ష పడినప్పుడు, గాలప్ సర్వేలో 79 శాతం మంది ఆ తీర్పును తప్పుపట్టారు. పై అధికారులను వదిలి ఒక్కడినే బలి చేశారన్న న్యాయమైన కోపం కొందరిది. మన కుర్రవాడు యుద్ధంలో చేసిన పనికి శిక్షేమిటన్న భావం మరికొందరిది. సెల్మా దృశ్యాలు చూసిన అమెరికా ఉత్తర రాష్ట్రాల ప్రేక్షకుడికి ఆ లాఠీ పట్టుకున్నవాడు పరాయివాడు, మై లై ఫోటోలో కనబడని తుపాకీ పట్టుకున్నవాడు తన ఇంటి కొడుకు. దేశం ఒకటే, మధ్యలో గడిచింది ఆరేళ్లే, అయినా చూసినవాళ్ల తీర్పు మారింది. అమెరికాలో పేరున్న టీవీ వార్తల వ్యాఖ్యాత వాల్టర్ క్రాంకైట్ 1968 ఫిబ్రవరిలో యుద్ధం ప్రతిష్టంభనలో పడిందని టీవీలో చెప్పడంతోనే దేశం మనసు మారిందని తరచూ రాస్తుంటారు. నాకు అది కొంత అతిశయోక్తిగానే తోస్తుంది, ఎందుకంటే యుద్ధం పొరపాటన్న వాళ్ల సంఖ్య కాదన్న వాళ్లను 1967 చివరికే దాటింది. ఆయన చేసింది, ఇళ్లలో అప్పటికే ఉన్న సందేహానికి మర్యాద కల్పించడం.

మన దగ్గర ఇంకొక ఏర్పాటు ఉంది, దాన్ని సెన్సార్‌షిప్ అని ఎవరూ అనరు. జిల్లా ఎడిషన్లు వచ్చాక భూపాలపల్లి అడవిలో జరిగిన మరణం భూపాలపల్లి పేజీలో వస్తుంది, కరీంనగర్ పాఠకుడికి ఆ పేజీయే చేరదు. బొగ్గు గనిలో ప్రమాదమైనా, పోడు భూముల దగ్గర లాఠీచార్జీ అయినా అంతే. వార్త అచ్చయింది కాబట్టి దాచారని అనలేము, చదవవలసిన వాళ్లు చదవలేదు కాబట్టి తెలిసిందనీ అనలేము. ఎన్‌కౌంటర్ మరణాల దర్యాప్తు ఎలా జరగాలో సుప్రీంకోర్టు 2014 సెప్టెంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది, మెజిస్టీరియల్ విచారణ తప్పనిసరి అన్నది. ఆ విచారణలో ఏం తేలిందన్న వార్త, ఒకవేళ వస్తే, లోపలి పేజీలో నాలుగు వాక్యాలలో వస్తుంది. మొదటి రోజు మొదటి పేజీకి మాత్రం ఇప్పటికీ ఎస్పీ కార్యాలయం ప్రెస్‌నోటే ఆధారం.