పట్ బ్రేక్ లెక్క ఇప్పటికి ఎంతవరకు వచ్చిందంటే

గోల్ఫ్ వీడియో గేమ్‌లో ఈమధ్య డ్రైవర్ (దూరం కొట్టే కర్ర) జోలికే పోవట్లేదు, ప్రాక్టీస్ గ్రీన్ (కప్పు చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీదే టైమంతా. పట్ అంటే అక్కడ బాల్‌ని కప్పులోకి దొర్లించే దెబ్బ, బ్రేక్ అంటే వాలు వల్ల అది పక్కకి తిరగడం. పది అడుగుల లోపువి చాలావరకు పడుతున్నాయి, ఇరవై దాటితే మాత్రం ఇంకా రెండో పట్ వేయాల్సొస్తోంది.

పీజీఏ టూర్ 2కే టైపులో, వాలు చూపించడానికి గ్రిడ్ మీద చుక్కలు పారే గేముల్లో చుక్క ఎటు పోతోందనేది అందరూ చూస్తారు, ఎంత స్పీడుగా పోతోందో చూసేవాళ్ళు తక్కువ. అసలు బ్రేక్ ఎంతనేది చెప్పేది ఆ స్పీడే. నేను ఒక గడి దాటడానికి చుక్కకి ఎంతసేపు పడుతోందో మనసులో అంకెలు లెక్కపెట్టుకుని నెమ్మది, మధ్యస్థం, జోరు అని మూడు రకాలు పెట్టుకున్నా, అంతకంటే సన్నగా విడగొడితే కంటికి తేడా తెలియట్లేదు.

కొలత కప్పుల్లో (బాల్ పడాల్సిన గుంత) పెట్టుకున్నా. కప్పు వెడల్పు 4.25 అంగుళాలు కాబట్టి స్క్రీన్ మీద అంచనా కట్టడం తేలిక. నా గేమ్‌లో స్టింప్ 8 గ్రీన్ మీద పది అడుగుల పట్‌కి, చుక్కలు మధ్యస్థంగా అడ్డంగా పారుతుంటే గురి రెండు కప్పులు పక్కకి పెడుతున్నా. ఇరవై అడుగులైతే నాలుగు, కాస్త పైనే. స్టింప్ అంటే ఒకే వేగంతో వదిలిన బాల్ చదునైన గ్రీన్ మీద ఎన్ని అడుగులు దొర్లుతుందో ఆ అంకె, అందుకే 8 నుంచి 12కి పోతే అదే పట్‌కి బ్రేక్ ఒకటిన్నర రెట్లు అవుతుంది, రెండు కప్పులు కాస్తా మూడు.

ఇంకోటి, దారి పొడుగునా చుక్కల్ని సమానంగా చూడకూడదు. మొదట్లో బాల్ జోరు మీద ఉంటుంది, వాలు దాన్ని పెద్దగా లాగలేదు. వేగం చచ్చాక చివరి మూడో వంతులోనే అసలు తిరుగుడంతా. అందుకే ఆ భాగంలో కనబడే వాలుని రెట్టింపుగా వేసుకుంటున్నా. మొదట ఎడమకి, తర్వాత కుడికి తిరిగే పట్ అయితే చాలాసార్లు కుడిదే గెలుస్తుంది.

ఎక్కువ టైం తిన్నది దిగుడు పట్. దీనికి ఒకే దూరం పెట్టుకుంటే కుదరదు. బలం కోసం పది అడుగుల్ని ఎనిమిది అనుకుని కొట్టాలి, బ్రేక్ కోసం మాత్రం అదే పదిని పన్నెండు అనుకుని లెక్కేయాలి, ఎందుకంటే బాల్ మెల్లగా, ఎక్కువసేపు దొర్లుతుంది కాబట్టి వాలుకి లాగడానికి టైం ఎక్కువ. ఎగుడైతే అంతా తిరగేసి. ఇది రాసుకున్నాక దిగుడు పట్‌లు కప్పు కింది పక్కకి జారిపోవడం బాగా తగ్గింది (పూర్తిగా పోలేదు లెండి).

మూడు నాలుగు అడుగులవాటికి ఈ తతంగమేమీ లేదు, కప్పు లోపలే ఒక అంచుకి గురిపెట్టి కాస్త గట్టిగా కొడుతున్నా. మరీ గట్టిగా కొడితే అంచుకి తగిలి తిరిగి బయటికొచ్చేస్తుంది, కప్పు దాటి అడుగున్నర పోయేంత చాలు.

ఇక స్టింప్ 13 గ్రీన్ల మీద ఇదే లెక్క ట్రై చేయాలి. అడ్డం వాలు అంకెలు సరిపోయేలా ఉన్నాయి, దిగుడుకి ఎనిమిది-పన్నెండు మాత్రం అక్కడ చాలదు, ఏడు-పద్నాలుగుతో మొదలుపెట్టి చూస్తా.