ఒక్క పేజీ చూపించమ్మా

మంగళవారం నా పీహెచ్‌డీ వైవా అయిపోయింది. ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు. ఉత్తర్వులు చేతికి వచ్చేదాకా పేరు ముందు డాక్టర్ అని రాసుకోవద్దన్నారు కానీ, మా ఆయన అప్పుడే గేటుకు కొత్త బోర్డు సంగతి ఎత్తారు. నాకు మాత్రం వైవా కంటే, దానికి పదకొండు నెలల ముందు, థీసిస్ సమర్పించబోయే ముందు అందరి ఎదుటా చదివి వినిపించే ప్రీ సబ్మిషన్ సెమినారే ఇంకా కళ్ల ముందు ఆడుతోంది. ఆ మంట చల్లారకముందే రాసేయాలని కూర్చున్నాను.

నా పరిశోధన గోపీచంద్ నవల ‘అసమర్థుని జీవయాత్ర’ మీద. అంశం ‘పాత్రచిత్రణ, వస్తువు, శిల్పం’, అంటే పాత్రలు, కథలోని విషయం, దాన్ని చెప్పిన తీరు. మన తెలుగు శాఖల్లో ఇది పాత శుభలేఖ లాంటిది, పేర్లు మార్చి మళ్లీ అచ్చు వేయించుకోవచ్చు. ప్రవేశ పరీక్ష, ఇంటర్వ్యూ, కోర్సు వర్క్ అన్నీ ఏ చిక్కూ లేకుండా గడిచాయి. మొదటి అధ్యాయం రచయిత జీవితం. 1910లో పుట్టుక, తండ్రి త్రిపురనేని రామస్వామి చౌదరి, సినిమాలు, 1962లో మరణం, ఆ మరుసటి ఏడాది మరో నవలకు సాహిత్య అకాడమీ పురస్కారం. ఈ మాత్రానికి అరవై రెండు పేజీలు నింపాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తోంది. పాత్రల అధ్యాయం ఇంకా ఘోరం. కథానాయకుడు సీతారామారావుకు అహంభావం, బద్ధకం, భీరుత్వం అని అంకెలు వేసి గుణాలు రాశాను. భార్య ఇందిర సహనశీలి, రామయ్య తాత లోకజ్ఞాని. పాతికేళ్లుగా హైస్కూలులో టీసీల మీద ‘ప్రవర్తన తృప్తికరం’ అని రాసిన చేయి మరి!

శిల్పం అధ్యాయం మొదట్లోనే ‘ఈ నవల చైతన్య స్రవంతి పద్ధతిలో సాగింది’ అని రాశాను. పాత్ర మనసులో పారే ఆలోచనలను పారినట్టే రాయడాన్ని అలా అంటారు. ఎక్కడ చూసి రాశానంటే, పోటీ పరీక్షల గైడులో చూసి. నా పరిశోధనను పర్యవేక్షించే మా గైడు గారు ప్రతి అధ్యాయం మీదా సంతకం పెట్టారు. చదివి పెట్టారని అప్పట్లో నమ్మాను.

సెమినారుకు బయటి విశ్వవిద్యాలయం నుంచి ఒక పెద్దాయన వచ్చారు. అరగంటసేపు నేను చదివిందంతా కళ్లు మూసుకుని విన్నారు. తర్వాత నెమ్మదిగా, “ఏ పేజీలో ఉందమ్మా ఆ స్రవంతి? ఒక్క పేజీ చూపించమ్మా” అన్నారు. నా చేతిలో పుస్తకం ఉంది. దాని నిండా రంగురంగుల కాగితం ముక్కలున్నాయి. ఆకుపచ్చది పాత్రకు, పసుపుపచ్చది వస్తువుకు. స్రవంతికి ఏ రంగూ పెట్టుకోలేదు. పేజీలు తిప్పుతూ పోయాను. నలభై మంది ఉన్న గదిలో నా కాగితాల చప్పుడొక్కటే వినిపిస్తోంది. చివరికి, శ్మశానం ఘట్టంలో దొరకకపోతుందా అని అక్కడ చదవడం మొదలుపెట్టాను. నాలుగు వాక్యాలు కాగానే ఆపించారు. “ఇక్కడ ఆలోచన ఎవరిది? మనకు చెబుతున్నది ఎవరు?” నోట మాట రాలేదు. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

అప్పుడు మా గైడు గారు గొంతు సవరించుకుని, “ఆ మాట సరిచూసుకోమని నేను ముందే చెప్పానండీ” అన్నారు. చెప్పలేదు. ఆరేళ్లలో ఒక్కసారి కూడా చెప్పలేదు. పెద్దాయన అడిగిన ప్రశ్నలను ఎప్పుడో క్షమించాను, ఈ ఒక్క వాక్యాన్ని మాత్రం క్షమించలేదు.

పెద్దాయన అంతటితో వదల్లేదు. “ఈ నవల అంకితం ఎవరికో తెలుసా?” అన్నారు. తెలుసు. ఎందుకు అని అడగడం నేర్పిన తండ్రికి. “నువ్వు మూడు వందల ఎనభై పేజీలు రాశావు. ఒక్క పేజీలోనైనా ఎందుకు అని అడిగావా తల్లీ?” అన్నారు. ఆ రోజు బస్సులో మూడు గంటలూ కిటికీ వైపే చూస్తూ వచ్చాను.

రెండు వారాలు పుస్తకం ముట్టలేదు. తర్వాత కసి కొద్దీ పెన్సిలు తీసుకుని కూర్చుని, నవలలో ‘అనుకున్నాడు’ కనిపించిన ప్రతిచోటా సున్నా చుట్టడం మొదలుపెట్టాను. అలా చుడుతూ ఉండగా, పాతికేళ్లుగా నేను పాఠం చెబుతున్న వ్యాకరణమే కొత్తగా కనిపించింది. ‘తాను తప్పు చేశానని అనుకున్నాడు’ అంటాం. ఇందులో ‘తాను’ కథకుడి మాట, ‘చేశాను’ పాత్ర మాట. ఒకే వాక్యంలో ఇద్దరి గొంతులున్నాయి! ఆ ‘అనుకున్నాడు’ తీసేసి, ‘తప్పు చేశాడు. తప్పే. ఎవరితో చెప్పుకోవాలి?’ అని రాస్తే కథకుడు పాత్ర తలలోకి జరిగినట్టు. ఆ కథకుడు కూడా తప్పుకుని, జ్ఞాపకాలు, చప్పుళ్లు, తెగిపోయిన మాటలు వచ్చినవి వచ్చినట్టు పారితే అప్పుడు స్రవంతి. ఉస్మానియాలో చదివే రవి ఒక్క రోజును 1969లో నవీన్ ‘అంపశయ్య’లో పట్టుకున్న తీరుకు ఆ పేరు నప్పుతుంది. గోపీచంద్ కథకుడు అలా తప్పుకునే రకం కాడు. పక్కనే నిలబడి, సీతారామారావు ఎందుకలా చేశాడో వైద్యుడిలా విప్పి చెబుతాడు. అందుకే దీన్ని మనోవైజ్ఞానిక నవల అనడం సబబు. రెండూ ఒకటే అని గైడు పుస్తకాలు ఎందుకు రాస్తాయో నాకు తెలియదు. వాటిని మాత్రం కొనకండి.

ఇది పట్టుబడ్డాక వస్తువు దానంతట అదే వచ్చింది. వంశం పేరు నిలపమన్న తండ్రి మాటను సీతారామారావు మోస్తూ తిరుగుతాడు, ఆ పేరు కోసమే ఆస్తి కరగబెడతాడు. అతను తనదనుకునే ఆలోచన చాలాచోట్ల ఎవరో అతనికి అప్పగించిన మాటే. బద్ధకం, భీరుత్వం అని నేను వేసిన అంకెలన్నీ కొట్టేసి, ప్రతి ఘట్టంలోనూ ఈ మాట ఎవరిది అని అడుగుతూ ఆ పాత్రల అధ్యాయం మళ్లీ రాశాను. నలభై ఒక్క పేజీలు వచ్చింది. జీవిత విశేషాలు నాలుగు పేజీలకు దిగాయి. వైవాలో పెద్దాయన, “ఈ పాత్రల అధ్యాయం విడిగా అచ్చు వేయించమ్మా” అన్నారు. గొప్ప కోసం చెప్పడం లేదు. సరే, గొప్ప కోసమే చెబుతున్నాను.

ఇక టైపింగ్ సంగతి. యూనివర్సిటీ గేటు దగ్గరి షాపులో, యూనికోడ్ కాని పాతరకం అను ఫాంట్లలో చేయించకండి. గ్రంథచౌర్య పరీక్షకు యూనికోడ్ కావాలన్నారు. మార్పిస్తే ఒత్తులన్నీ చెదిరిపోయాయి. వాటిని దిద్దడానికి దసరా సెలవులు పూర్తిగా పోయాయి. మొదటి రోజు నుంచీ యూనికోడ్‌లోనే కొట్టుకోండి.

నిన్న మా గైడు గారు ఫోన్ చేశారు. కొత్తగా చేరిన విద్యార్థికి నమూనాగా ఉంటుంది, ఆ శిల్పం అధ్యాయం ఫైలు పంపమ్మా అన్నారు. కాదనలేదు, అను ఫాంట్లలో ఉన్న పాతది పంపాను. స్రవంతి వాక్యం కూడా అందులో అలాగే ఉంది.