ఉప్పు మీద ప్రాజెక్టు, వైవాలో గొడవ

ఎమ్మెస్సీ ఫిజిక్స్ ప్రాజెక్టు వైవా నిన్ననే అయింది. ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది, చల్లారకముందే రాసేస్తున్నా.

టాపిక్: ఉప్పు స్ఫటికంలో వేరే లోహం కాస్త చేరితే దాని గుణాలు ఎలా మారతాయి. మాది కోనసీమ, చదువు కాకినాడలో. ఉప్పు మీద ప్రాజెక్టంటే క్లాసంతా నవ్వింది, నవ్వనీ. మడుల్లో ఉప్పు తీసేవాళ్లకి ఈ సంగతి ఎప్పట్నుంచో తెలుసు. ఉప్పు దిగాక మిగిలే చేదునీళ్లు వేళకి వదిలేయకపోతే అందులోని మెగ్నీషియం ఉప్పుకి పట్టేసి, వానాకాలంలో బస్తాలు చెమర్చి కారతాయి. సోడియం అయొడైడ్‌లో రవ్వంత థాలియం అనే లోహం కలిపితే గామా కిరణాలు తగిలినప్పుడు మెరుస్తుందని 1948లో అమెరికన్ శాస్త్రవేత్త హాఫ్‌స్టాటర్ చూపించాడు, ఆ డిటెక్టర్లు ఇప్పటికీ వాడుతున్నారు. నవ్వినవాళ్లలో ఎవరికీ ఇది తెలీదు.

ఉప్పు 801 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి ఫర్నేసులో కాల్షియం క్లోరైడ్‌తో కలిపి కరిగించి, నెమ్మదిగా చల్లార్చాం. ఇబ్బందేమీ రాలేదు. హార్డ్‌నెస్ మెషీన్‌లో వజ్రపు మొన దించితే మామూలు ఉప్పు మీద పెద్ద గుంట, కాల్షియం ఉన్నదాని మీద చిన్న గుంట పడ్డాయి, అంటే గట్టిపడింది. అదీ సాఫీగానే అయింది.

గొడవంతా కండక్టివిటీ, అంటే కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందో కొలిచే దగ్గరే. కాల్షియం కలిపిన ముక్కలో కరెంటు బాగా పెరిగింది. ఎక్స్‌టర్నల్‌గా వచ్చినాయన గ్రాఫు సరిగ్గా చూడకుండానే, "కాల్షియం క్లోరైడ్ తేమ పీలుస్తుంది. నువ్వు కొలిచింది నీళ్లనమ్మా, ఉప్పుని కాదు. అయినా మీ గోదారోళ్ల గాలిలోనే సగం నీళ్లుంటాయిగా" అన్నారు. అందరూ పగలబడి నవ్వారు. మా గైడ్ ఫ్యాన్ కేసి చూస్తూ కూర్చున్నారు. ప్రశ్న అడగడం వేరు, ఊరిని వెక్కిరించడం వేరు, పెద్ద చదువులు చదివినవాళ్లకి ఇది ఎవరు చెప్పాలి?

గొంతు వణుకుతున్నా చెప్పాను. "సార్, రీడింగులు మొదలయ్యిందే మూడొందల డిగ్రీల దగ్గర, అక్కడ తేమ ఎక్కడుంటుంది? వేడి ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ తీశాం, రెండూ కలిశాయి. తేమే అయితే ఒకసారి కాగాక తేడా రావాలి కదా." కాల్షియం అయాన్ మీద రెండు ధన ఛార్జీలు, సోడియం మీద ఒకటే. అది ఒక సోడియం చోట్లో కూర్చుంటే, లెక్క సరిపోవడానికి ఇంకో సోడియం చోటు ఖాళీగా మిగలాలి. కిక్కిరిసిన పల్లెవెలుగు బస్సులో ఒక సీటు ఖాళీ అయితే పక్కవాడు అందులోకి జరిగినట్టు, సోడియం ఆ ఖాళీలోకి దూకుతుంది, కరెంటు నడిచేది అలా. వేడి బాగా పెరిగితే శుద్ధమైన ఉప్పులో కూడా ఖాళీలు వాటంతటవే పుడతాయి, అందుకే పైకి వెళ్లేకొద్దీ గ్రాఫులో మామూలు ఉప్పు గీతా, కాల్షియం ఉన్నదాని గీతా దగ్గరపడ్డాయి.

ఆయన వదిలితేనా! "పొటాషియం క్లోరైడ్‌లో కాల్షియం కలిపితే సాంద్రత పెరుగుతుందా, తగ్గుతుందా?" అన్నారు. కాల్షియం బరువు 40, పొటాషియం 39, పెరుగుతుందని తొందరపడి చెప్తాననుకున్నట్టున్నారు. "తగ్గుతుంది సార్, ఒక కాల్షియం వస్తే రెండు పొటాషియంలు పోతాయి" అన్నాను. ఇంకేమీ అనకుండా పేజీ తిప్పారు. గైడ్‌కి అప్పుడొచ్చింది మాట: "బాగా కష్టపడిందండీ!"

ఇలాంటిది చేసేవాళ్లు దిగేటప్పటి రీడింగులు కూడా తప్పకుండా తీయండి, నన్ను కాపాడింది అవే. గైడ్ అడ్డుపడతారని ఆశ పెట్టుకోకండి. శాంపిళ్లు తేమ చేరని మూతపాత్ర, అంటే డెసికేటర్‌లోనే ఉంచండి, అందులో తేమ పీల్చే సిలికా జెల్ నీలం పోయి గులాబీ రంగుకి తిరిగితే వేడి చేసి మళ్లీ వాడండి. మూతకి రాసే గ్రీజు మాత్రం మీరే కొనుక్కోండి. స్టోర్స్‌లో అడిగితే ఇండెంట్ రాయమంటారు, రాస్తే సంతకం లేదంటారు, సంతకంతో వెళ్తే ఆయన భోజనానికి వెళ్లి ఉంటాడు.