జ్వరం పోయినా పెరగని ప్లేట్‌లెట్లు

మా టంగుటూరు వైపు వానాకాలంలో ఎవరికి జ్వరం వచ్చినా ముందు అడిగేది "ప్లేట్‌లెట్లు ఎంతున్నాయి?" అనే. నాకు 70 వేలని వచ్చింది. లక్షన్నర పైన ఉండాలి. డెంగీ అన్నారు. మా వదిన బొప్పాయి ఆకు రసం తీసి పట్టించింది. తీరా డెంగీ పరీక్షలో ఏమీ లేదు. జ్వరం పోయి నెలలు గడిచినా ఆ అంకె కదల్లేదు. పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం, దెబ్బ తగలకుండానే తొడల మీద కమిలిన మచ్చలు.

డెంగీలో అయితే జ్వరం తగ్గాక కొద్దిరోజుల్లోనే ప్లేట్‌లెట్లు పుంజుకుంటాయి. నాకు తెల్లకణాలూ తక్కువే ఉన్నాయని గమనించింది ఒంగోలు డాక్టరమ్మ. ఎడమ డొక్క కింద నొక్కి చూసి స్కానింగ్ రాశారు. ఎడమ డొక్కలో ఉండే ప్లీహం (స్ప్లీన్) బాగా పెరిగింది, లివర్ గట్టిపడింది.

"ఎప్పుడైనా రక్తం ఎక్కించారా అమ్మా?"

1993లో రెండో కాన్పప్పుడు ఎక్కించారు. పరీక్ష చేస్తే, రక్తం ద్వారా సోకి లివర్‌ను దెబ్బతీసే హెపటైటిస్ సి అని తేలింది. ఆ వైరస్‌ని కనిపెట్టిందే 1989లో. దాతల రక్తానికి ఆ పరీక్ష మన దేశంలో అప్పటికింకా తప్పనిసరి కాలేదు. ఇన్నేళ్లలో కళ్లు పచ్చబడింది లేదు, అన్నం సయించకపోవడం లేదు. కామెర్లే రానప్పుడు లివర్ జబ్బేమిటని మావాళ్లు పసరు మందుకు తీసుకెళ్తామన్నారు. నేను వెళ్లలేదు.

డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పారు. లివర్ గట్టిపడితే, కాలువకు పూడిక అడ్డుపడి నీళ్లు వెనక్కి ఎగదన్నినట్టు, రక్తం ప్లీహం వైపు ఎగదన్నుతుంది. ఉబ్బిన ప్లీహం ప్లేట్‌లెట్లను, తెల్లకణాలను తనలోనే పట్టి ఉంచేస్తుంది. ప్లేట్‌లెట్లు తయారు చెయ్యమని ఎముక మూలుగకు కబురు పంపే హార్మోను కూడా లివర్‌లోనే ఎక్కువగా పుడుతుంది, అదీ తగ్గుతుంది. వైరస్ నేరుగా మూలుగనే కుంగదీయనూవచ్చు.

అన్నిటికంటే నన్ను పిండేసింది పిల్లల సంగతి. తల్లి నుంచి కాన్పులో సోకవచ్చట. వాళ్లకూ మా ఆయనకూ పరీక్షలు చేయించి, లేదని కాగితం చేతికొచ్చేదాకా నాకు నిద్ర లేదు. కలిసి తింటే అంటుకోదని తెలిశాక మా వదిన నా కంచంలోనే ముద్ద కలుపుకుని తింది. ఆ పూట నేను బాగా ఏడ్చాను.

ఒకప్పుడు ఈ జబ్బుకు ఇంటర్‌ఫెరాన్ సూదులు వేసేవాళ్లట. అవి ప్లేట్‌లెట్లను ఇంకా పడగొట్టేవి. తోడుగా ఇచ్చే రిబావిరిన్ ఎర్రకణాలను చిదిమేసేది. నాకు మాత్రం సోఫోస్బువిర్, వెల్పటాస్విర్ కలిసిన మాత్ర రోజుకొకటి, 12 వారాలు. 2018లో మొదలైన జాతీయ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఉచితంగానే వచ్చింది. ఆపిన మరో 12 వారాలకు చేసిన పరీక్షలో వైరస్ లేదు.

ప్లేట్‌లెట్లు మెల్లగా ఎక్కి లక్షా పదివేల దగ్గర నిలిచాయి. లివర్ మీద మచ్చ అంత తొందరగా పోదు కాబట్టి ఆరు నెలలకోసారి స్కానింగ్, అన్నవాహికలో నరాలు ఉబ్బాయేమో చూడటానికి ఎండోస్కోపీ ఉన్నాయి. రక్తం ఆగదేమోనని వాయిదా వేస్తూ వచ్చిన పుచ్చు పన్ను కూడా పోయిన నెలలో పీకించుకున్నాను. రక్తం ఆగింది.