సొప్రానో కంటే ముందు బేస్ వాళ్ళని పిలవండి

క్రిస్మస్‌కి నాలుగు గొంతులు నాలుగు వేరే వరసలు కలిపి పాడే హల్లెలూయా కోరస్ పాడదాం అనుకున్న చాలా క్వయర్లలో జరిగేది ఇదే. మొదటి ప్రాక్టీసులో సొప్రానో (ఆడవాళ్ళ పై గొంతు) వాళ్ళకి ట్యూన్ నేర్పిస్తారు, వాళ్ళకి వచ్చాక ఆల్టో (ఆడవాళ్ళ కింది గొంతు), తర్వాత టెనార్ (మగవాళ్ళ పై గొంతు), ఇక అందరూ ఇళ్ళకి బయల్దేరే టైంకి బేస్ (మగవాళ్ళ కింది గొంతు). అప్పటికి ఆ సొప్రానో వరస మగవాళ్ళ చెవుల్లో గంట నుంచి మోగుతూ ఉంటుంది, ఇప్పుడు దాన్ని పక్కన పెట్టి ఇంకో లైను పాడండి అంటే పాపం వాళ్ళు ఎక్కడి నుంచి పాడతారు. నేను మా చర్చి క్వయర్‌లో టెనార్, బేస్ వాళ్ళకి పార్ట్స్ నేర్పిస్తుంటాను, ఎవరు సలహా అడిగినా మొదట చెప్పేది ఒకటే, కింది గొంతుల వాళ్ళని ముందు పిలవండి, సొప్రానో ఒక్క ముక్క కూడా పాడకముందే పిలవండి.

ఎందుకంటే మన చెవి పెరిగిందే ఒక్క వరస మీద. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పాడినా, భజన చేసినా, సినిమా పాట పాడుకున్నా అందరం ఒకటే ట్యూన్ పాడతాం, మగవాళ్ళు ఒక స్థాయి కింద పాడతారు అంతే తేడా. అలాంటిది పక్కన ఇంకొకళ్ళు వేరే స్వరం పాడుతుంటే మనం తప్పు పాడుతున్నామేమో అనిపించి తెలీకుండానే వాళ్ళ స్వరంలోకి వెళ్ళిపోతాం. బేస్ వాళ్ళకి సంగీతం రాక ఇలా జరుగుతుందని దయచేసి అనుకోకండి, కర్ణాటక సంగీతం బాగా నేర్చుకున్నవాళ్ళకి కూడా జరుగుతుంది. పైగా వాళ్ళకి ఇంకోటి ఉంటుంది, స్వరం నుంచి స్వరానికి జారుతూ వెళ్ళడం. ఒక్కళ్ళే పాడితే అది ఎంతో అందం, కానీ నాలుగు గొంతులు కలిసి ఒక కార్డ్ (ఒకేసారి పలికే స్వరాల కలయిక) నిలబెట్టాల్సిన చోట కింది స్వరం జారితే పైన మూడూ అపస్వరంలా వినిపిస్తాయి. అందుకే నేను వాళ్ళతో వాళ్ళ భాషలోనే మాట్లాడతాను, "అన్నా, ఇది డి మేజర్, అంటే మనకి రెండు శృతి, స నుంచి ప మీదకి నేరుగా దిగు, మధ్యలో గమకం వద్దు" అంటే చాలు, వెంటనే పట్టేస్తారు.

ఇక పాట విషయానికి వస్తే, స్వరకర్త హాండెల్ దీన్ని 1741లో మెస్సయ్య అనే తన పెద్ద సంగీత రచన కోసం రాశాడు, 1742లో డబ్లిన్‌లో మొదటిసారి పాడారు. ఇందులో కింది గొంతులకి ఆయన ఇచ్చిన చోటు చూస్తే నాకు ఎప్పుడూ ఆనందంగా ఉంటుంది. నేను మొదటి పేజీ నుంచి అసలు మొదలుపెట్టను. ముందు "ఫర్ ద లార్డ్ గాడ్ ఆమ్నిపొటెంట్ రెయినెత్" దగ్గరికి వెళ్తాను, అక్కడ నాలుగు పార్టులూ కలిసి ఒకటే వరస పాడతాయి కాబట్టి భయం పోతుంది. తర్వాత అదే వరసని టెనార్, బేస్ కలిసి పట్టుకుంటే మిగతావాళ్ళు హల్లెలూయా అంటూ ఉండే చోటు ఒకటి ఉంది, అక్కడ ట్యూన్ మనదే అని చెప్తే వాళ్ళ మొహాలు చూడాలి. ఆ తర్వాత "అండ్ హీ షల్ రెయిన్ ఫరెవర్ అండ్ ఎవర్". దీన్ని బేస్ వాళ్ళే ఎత్తుకోవాలి, తర్వాత టెనార్, ఆల్టో, ఆఖర్న సొప్రానో వస్తారు. అంటే ఆ క్షణంలో బేస్ వాళ్ళు ఆనుకోడానికి ముందు పాడేవాళ్ళే ఉండరు, వాళ్ళ మొదటి స్వరం వాళ్ళ బుర్రలోనే ఉండాలి. అందుకని ఆ ఎత్తుగడ ఒక్కటీ కీబోర్డు లేకుండా ఒక్కొక్కళ్ళ చేత పాడిస్తాను, ముందు మాటలు లేకుండా తాళం వేస్తూ "డా డా" అని, తర్వాత మాటలతో.

"కింగ్ ఆఫ్ కింగ్స్" దగ్గర ఇంకో రకం కష్టం. పైన సొప్రానో వాళ్ళు పొడుగు స్వరాలు పట్టుకుని మెట్టు మెట్టుగా పైకి వెళ్తుంటే కింద "ఫరెవర్ అండ్ ఎవర్, హల్లెలూయా" నడుస్తూ ఉండాలి, ఆ ఊపులో మగవాళ్ళు స్పీడు పెంచేస్తారు. కాలితో తాళం వేస్తూ తక్కువ సౌండ్‌లో ప్రాక్టీస్ చేయిస్తే ఆ పరుగు తగ్గుతుంది. చివరి హల్లెలూయాకి ముందు అందరూ ఆగే చోటు ఉంది కదా, అక్కడ కాగితం మీద ఎర్ర పెన్నుతో గీత గీయించండి, ఆ గీత దగ్గర కళ్ళు కండక్టర్ మీదే ఉండాలి.

రికార్డింగుల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఇప్పుడు అందరం వాట్సాప్ గ్రూపులో పార్ట్ రికార్డ్ చేసి పెడుతున్నాం, మంచిదే, కానీ బేస్ లైను కీబోర్డు మీద ఉన్న చోటే వాయించి పెడితే ఫోన్ స్పీకర్‌లో అసలు వినిపించదు. కింది "ఏ" (A) అనే స్వరం సెకనుకి 110 సార్లు కంపిస్తుంది, ఫోన్‌లో ఉండే చిన్న స్పీకర్ అంత కింది శబ్దాన్ని సరిగ్గా పలికించలేదు. వాళ్ళు పాపం పొద్దున బైక్ ఎక్కే ముందు ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి విని, "ఏమీ అర్థం కావట్లేదు బ్రదర్" అంటారు. ఒక స్థాయి పైన వాయించి ఒక ఫైలు, అసలు స్థాయిలో ఎవరైనా పాడి ఇంకో ఫైలు పెట్టండి, రెండోది ఇయర్‌ఫోన్స్‌తోనే వినమని చెప్పండి. మిగతా మూడు పార్టులూ వినిపిస్తూ వాళ్ళది మాత్రం లేని ఫైలు కూడా ఒకటి చేయండి, అది పెట్టుకుని మధ్యలో తమ లైను పాడగలిగిన రోజు పార్ట్ వచ్చినట్టు లెక్క.

టెనార్ వాళ్ళ కాగితం గురించి చిన్న మాట. వాళ్ళ లైను ట్రెబుల్ క్లెఫ్ (పై స్వరాలకి వాడే గుర్తు)లో రాసి కింద చిన్న 8 పెడతారు, అంటే రాసినదానికంటే ఒక స్థాయి కింద పాడాలని. కీబోర్డు తమ్ముడు ఆ 8 చూడకుండా వాయిస్తే టెనార్ వాళ్ళు ఆడవాళ్ళ స్థాయిలో పాడాలేమో అని గొంతు బిగిస్తారు, ముందే చెప్పేయండి.

గొంతు బిగించడం అన్నాను కదా, అది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. మన కుర్రాళ్ళకి పై స్వరం పాడితేనే సింగర్ అని ఒక నమ్మకం ఉంది, అందుకే బేస్ గొంతు ఉన్నవాడు కూడా టెనార్‌లో నిలబడి మెడ నరాలు పైకి తేలేలా పాడుతుంటాడు. అలాంటి తమ్ముడిని పక్కకి పిలిచి నెమ్మదిగా హమ్ చేయిస్తూ కిందకి దింపండి, ఎక్కడ గొంతు హాయిగా, నిండుగా పలుకుతుందో వాడికే వినిపిస్తుంది. అలాగే కింది స్వరం కోసం గడ్డం ఛాతీకి ఆనించి నొక్కేవాళ్ళు ఉంటారు, నొక్కితే స్వరం పెద్దదవదు, ఉన్న స్వరం కూడా పోతుంది. తల నిటారుగా పెట్టి, మామూలుగా మాట్లాడేంత సౌండ్‌లో పాడమనండి.

ఆల్టో అక్కాచెల్లెళ్ళకీ ఇదంతా వర్తిస్తుంది, వాళ్ళకి ఇంకొంచెం కష్టం, సొప్రానో పక్కనే నిలబడతారు కాబట్టి. వీలైతే వాళ్ళని కూడా టెనార్, బేస్‌తో కలిపి మొదటి రెండు ప్రాక్టీసులకి పిలవండి, ఈ మూడు పార్టులు కలిసి ట్యూన్ లేకుండా పాట మొత్తం నిలబెట్టగలిగాకే సొప్రానో వాళ్ళని తీసుకురండి. వాళ్ళు ఒకటి రెండు ప్రాక్టీసుల్లో నేర్చేసుకుంటారు, దిగులు అక్కర్లేదు.