17 మిల్లీమీటర్లు

తెల్లవారుజామున నాలుగింటికి వాన మొదలైంది. చినుకుల చప్పుడుకి మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టలేదు. ఆరింటికి తెరిపి ఇచ్చాక పెరట్లోకి వెళ్లి డబ్బా చూశాను. నాన్న డబ్బా అది. అడుగూ మూతీ ఒకే వెడల్పున్న పాత రేకు డబ్బా, పక్కనే మేకుకి వేలాడే స్కేలు. డబ్బా పెద్దదా చిన్నదా అని చూడక్కర్లేదు, గోడలు నిటారుగా ఉంటే చాలు, అందులో నిలిచిన నీళ్ల ఎత్తే వాన లెక్క అని నాకు చిన్నప్పుడే చెప్పారు. స్కేలు దించి చూస్తే 17 గీతలు తడిశాయి.

ఒక మిల్లీమీటరు వాన పడిందంటే ఎకరానికి నాలుగు వేల లీటర్ల పైమాటే. నాన్నకి ఈ లెక్క నోటిమీద ఉండేది. ఇవాళ ఉండుంటే లోపలికి వస్తూనే "ఎకరానికి 68 వేల లీటర్లు పోసి వెళ్లింది" అనేవారు, ఎవరో చుట్టం వచ్చి వెళ్లినట్టు.

నాన్న పోయి మూడు నెలలు. 91 ఏళ్లు బతికారు. చివరి రెండేళ్లు పొలం దాకా నడవలేకపోయినా డబ్బా చూడటం మాత్రం మానలేదు. చూపు ఆననప్పుడు చూపుడు వేలు నిలువుగా ముంచి, తడి ఎక్కడిదాకా వచ్చిందో బొటనవేలి గోటితో నొక్కి పట్టుకుని, "కొలువమ్మా" అని నా ముందు చాపేవారు. ఆ వేలి మీద స్కేలు పెట్టి ఎన్నిసార్లు కొలిచానో. హడావిడిలో ఒకటి రెండుసార్లు సరిగ్గా చూడకుండానే ఏదో అంకె చెప్పేశాను. అది గుర్తొస్తే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఏడు కాకుండానే తమ్ముడి ఫోను. "అక్కా, ఎంత పడింది? పై చేలో విత్తనం పెట్టొచ్చా?" వాడు అడిగేది నాన్న పుస్తకాలనే అని నాకు తెలుసు. బీరువా అడుగు అరలో ఉన్నాయవి, ఏడాదికొకటి, పెళ్లయిన ఏడాది 1962 నుంచి. రాత చాలా పొదుపు. రోజుకి ఒక లైను, మహా అయితే రెండు. "కలుపు, ఆరుగురు. బాబుకి తట్టు పోసింది." "మోటారు కాలింది. ఆమెకు మోకాలి నొప్పి." అమ్మ పేరు ఒక్కచోటా రాయలేదు, అన్ని పుస్తకాల్లోనూ అమ్మ "ఆమె"నే. చేనుకో పుస్తకం, ఇంటికో పుస్తకం అని వేరుగా పెట్టాలని ఆయనకి ఎప్పుడూ తోచలేదు.

నాలుగైదు పుస్తకాలు తిరగేసి, ఇదే నెలలో ఇంతే వాన పడ్డ రోజుల్ని చూసి తమ్ముడికి చెప్పాను. ఒకరోజు ఆగమనే ఉంది. పిడికిట్లో మట్టి పట్టి నొక్కు, ముద్దయి, బొటనవేలు తగలగానే విడిపోతే పదునున్నట్టు, చేతికి అంటుకుంటే ఇంకా ఆగాలి. వాడికి ఇది నాకన్నా బాగా తెలుసు. అయినా చివరిదాకా "ఊఁ, ఊఁ" అంటూ విన్నాడు.

పుస్తకాలు సర్దుతుంటే 1968 చేతికొచ్చింది. అంతకు రెండేళ్ల ముందే ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఐఆర్8 అనే కొత్త వరి రకాన్ని విడుదల చేసింది. అప్పటిదాకా ఉన్న పొడుగు రకాలకి ఎరువు గట్టిగా వేస్తే ఏపుగా పెరిగి, గాలికీ కంకి బరువుకీ పడిపోయేవి. ఇది పొట్టిది, నిలబడుతుంది. పైగా నెలరోజులు ముందే కోతకొస్తుంది. తాతయ్యకి మాత్రం ఇష్టం లేదు, ఇంత పొట్టి గడ్డి పశువులకి ఏం చాలుతుందిరా అని. ఆయన మాటా కొట్టిపారేసేది కాదు. అందుకే నాన్న ఎదురు చెప్పకుండా రెండు మడుల్లో మాత్రం వేసి చూశారు. ఆ ఏడాది ఒక పేజీలో ఉంది: "పొట్టి రకం ఈనింది. రాత్రి గాలికి పడలేదు. అమ్మాయి పుట్టింది. ఇద్దరూ క్షేమం."

ఆ అమ్మాయిని నేనే. పదహారేళ్లప్పుడు ఈ పేజీ చూసి అలిగాను, వరి తర్వాతా నేను అని. నాన్న ఏమీ అనలేదు, నవ్వి ఊరుకున్నారు. ఇవాళ కిటికీ వెలుగులో పెట్టి చూస్తే, "ఇద్దరూ క్షేమం" కింద సన్నటి గీత ఉంది. సిరా వెలిసిపోయి పట్టి చూస్తే గానీ కనపడదు. పని పక్కన పెట్టి మధ్యాహ్నం దాకా మిగతా పుస్తకాలు తిరగేశాను. ఇంకెక్కడా గీత దొరకలేదు.

దొరికింది ఇంకొకటి. ఎనిమిదేళ్ల క్రితం అమ్మకి తుంటి విరిగినప్పటి పుస్తకం. సరిగ్గా కోతల రోజులవి. కోతంటే నాన్న గట్టు దిగే మనిషి కాదు, అలాంటిది కోత మొత్తం తమ్ముడికి వదిలేసి ఆసుపత్రిలో అమ్మ మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నారు. ఆ నలభై రోజుల్లో పంట ఊసు ఒక్కటి లేదు. ఎన్ని బస్తాలయ్యాయో కూడా రాయలేదు. "లేచి కూర్చుంది." "మూడు అడుగులు." "ఏడు." "తలుపు దాకా." ఒక పేజీలో అంతే.

అమ్మకి నిన్నటి నుంచి ఒళ్లు వెచ్చగా ఉంది. మాత్ర వేసి, సాయంత్రం నుదురు చూడబోతే నా చెయ్యి దానంతటదే వెనక్కి తిరిగింది. నాన్న ఎప్పుడూ చేతి వెనకవైపుతోనే జ్వరం చూసేవారు. అరచేతులు కాయలు కాచి మొద్దుబారిపోయాయి, వేడి తెలిసేది కాదు. ధాన్యం రాశి చూడటమూ అంతే. మోచేతి దాకా చెయ్యి లోపలికి దూర్చి, అక్కడ మణికట్టు తిప్పి, కళ్లు మూసుకుని కాసేపు అలాగే ఉండేవారు. గింజకీ ప్రాణముంటుంది, తడి ఆరకపోతే ఊపిరి ఎక్కువ తీస్తుంది, ఆ ఊపిరికి రాశి నడుమ వేడి పుడుతుంది, వదిలేస్తే పాడవుతుంది అని చెప్పేవారు. తర్వాత ఒక గింజ పళ్ల మధ్య పెట్టి కొరికేవారు. టక్కుమని విరిగితే నిల్వకి పనికొస్తుంది. ఒకసారి తమ్ముడు తేమ చూసే మిషన్ తెచ్చి, నాన్న "14 లోపే" అన్న ధాన్యాన్ని అందులో పోస్తే 13.8 శాతం చూపించింది. నాన్న మిషన్‌ని తిప్పి తిప్పి చూసి, "మంచి వస్తువురా" అని మెచ్చుకున్నారు. ఆ మెప్పులో కల్లాకపటం లేదు.

ఆయన చెయ్యి నా నుదుటి మీద గరుగ్గా ఉండేది కాదు. చేతి వెనక చర్మం చాలా మెత్తన.

చీకటి పడ్డాక నాలుగు రోజుల క్రితం తడిగుడ్డలో చుట్టి పెట్టిన నూరు గింజలు విప్పి లెక్కపెట్టాను. 88 మొలిచాయి. 80 దాటితే నాన్న ఇక ఆలోచించేవారు కాదు. తమ్ముడికి మెసేజ్ పెట్టి, పుస్తకం తీసి రాశాను: "వాన 17. మొలక 88. రేపు ఆగాలి." పుస్తకం ఈ ఏటిదే, నాన్న మొదలుపెట్టింది. సగం దాకా ఆయన రాత, ఆ తర్వాత నాది.

పెన్ను మూసి లేస్తుంటే మంచం మీంచి అమ్మ అడిగింది.

"మీ నాన్న పుస్తకం రాశావా?"

"రాశానమ్మా."

"నా జ్వరం రాశావా?"

మళ్లీ కూర్చుని పుస్తకం తెరిచాను.